అప్‌డేట్: రొయ్యల చెరువు అప్పు గురించి అడిగింది నేనే

వైట్ స్పాట్ రోగం వచ్చి చెరువులో వనామీ రొయ్యలు మొత్తం పోయాయి, 6 లక్షల అప్పు, ప్రార్థన చేయడానికి కూడా నోరు రావట్లేదు, మీరైతే ఎలా తట్టుకున్నారు అని అడిగా కదా. అప్పు తీరలేదండీ, ముందే చెప్పేస్తున్నా. మేత డీలరు మాత్రం నెలనెలా కొంత కడితే చాలని ఒప్పుకున్నాడు, అదీ పాస్టరుగారు వెంట వచ్చారు కాబట్టే, నేనొక్కణ్ణే అయితే గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేసేవాణ్ణి.

మీలో ఒకరు క్లౌ దొరగారి సంగతి చెప్పారు, అప్పట్లో ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. మా ఒంగోలు వాళ్లకి కొత్తేం కాదు గానీ ఈసారి గట్టిగా తగిలింది. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇచ్చారు, కానీ ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు, తిండి కోసం చేరారనే మాట రాకూడదని. ఆ తర్వాతే 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నేనేమో అప్పు తీరిస్తేనే దేవుడు అన్నట్టు కూర్చున్నా.

మా అమ్మ పొయ్యి పక్కన డబ్బా పెట్టి, వండే ముందు గుప్పెడు బియ్యం చర్చికని తీస్తుంది. రొయ్యలు పోయాక నాలుగు నెలలూ బియ్యం అరువు తెచ్చుకున్నాం, డబ్బా మాత్రం ఒక్క ఆదివారమూ ఖాళీగా వెళ్లలేదు, నేను నిన్నే గమనించా.