రీకాల్‌లో ఫ్యూయల్ పంప్ మార్చాక కారులో పెట్రోల్ వాసన, షోరూం వాళ్ళు మాకు సంబంధం లేదంటున్నారు

అన్నా, ఎవరికైనా ఇలా జరిగిందా? మాది విజయవాడ, 2019 పెట్రోల్ కారు, 62 వేలు తిరిగింది. కంపెనీ వాళ్ళే ఫోన్ చేసి ఫ్యూయల్ పంప్ రీకాల్ (లోపమున్న పార్టు మార్చడానికి కంపెనీయే బండ్లని వెనక్కి పిలవడం) ఉంది ఫ్రీగా మారుస్తాం అంటే పోయిన నెల ఇచ్చా, సాయంత్రానికి ఇచ్చేశారు. మర్నాడు ట్యాంక్ ఫుల్ చేయించా, అంతే, వెనక సీట్లో కూర్చుంటే పెట్రోల్ వాసన, పిల్లకి వాంతులు. అంతకుముందు ఐదేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు.

తీసుకెళ్తే సర్వీస్ అడ్వైజర్ ఏమో ట్యాంక్ పాతబడింది సార్, వారంటీ అయిపోయింది, 18 వేలవుద్ది అంటాడు. పంప్ ఉండేది వెనక సీటు కిందే కదా, వాళ్ళు విప్పిన చోటే వాసనొస్తుంటే ట్యాంక్ ఎలా పాతబడుద్దండీ ఒక్క రోజులో? మా వీధి మెకానిక్ సీల్ సరిగ్గా కూర్చోలేదేమో, విప్పి చూస్తా అన్నాడు గానీ బయట విప్పితే ఆ నెపం మా మీదే వేస్తారని ఆపేశా. కారు ఆరుబయటే పెడుతున్నా, భయమేసి.

జాబ్ కార్డు ఉంది, పాత పంప్ మాత్రం చూపించలేదు. కంపెనీకి మెయిల్ పెడితే డీలర్‌నే కలవమన్నారు. ఇప్పుడు 1915 (నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్)కి కంప్లైంట్ ఇవ్వాలా, లాయర్ నోటీసా, నేరుగా జిల్లా కన్జ్యూమర్ కమిషనా? కమిషన్‌కి రెండేళ్ళ టైముందని తెలుసు, కానీ అప్పటిదాకా ఈ బండెక్కేదెలా? సొంత డబ్బుతో రిపేర్ చేయించి తర్వాత అడిగితే కేసు నిలబడుద్దా?