అప్‌డేట్: బండల మీది నత్తలు నాచు తిన్నాయి, కానీ అన్నీ కాదు

విశాఖ తెన్నేటి పార్కు కింద బండల మీద దొరికే నత్తల్ని మా 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకులో నాచు కోసం వేయొచ్చా అని మూడు నెలల క్రితం అడిగాను. ముందు విడి తొట్టెలో ఉంచి చూడమన్నవాళ్లకు నిజంగా రుణపడి ఉంటాను.

తొమ్మిది తెచ్చి, రెండు వారాలు విడిగా ఉంచాను. పెంకు మీద బుడిపెలున్న రెండు నాచు వైపే వెళ్లలేదు. రాయితో పాటు వచ్చిన చిన్న ఆల్చిప్ప మీదెక్కి కూర్చున్నాయి. మర్నాటికి ఆల్చిప్ప ఖాళీ! అవి వేటాడే రకం. ట్యాంకు నీళ్లు తగిలినవాటిని మళ్లీ సముద్రంలో వదలకూడదు కాబట్టి, తొట్టెలోనే ఉంచి రొయ్య ముక్కలు పెడుతున్నాను.

మిగతా ఏడూ నెరైట్లు, అంటే నాచు గీరుకుని తినే చిన్న నత్తలు. రాత్రి టార్చి వేస్తే, అవి గీరుకుంటూ వెళ్లిన చోట గాజు మీద వంకర టింకర దారి శుభ్రంగా మెరుస్తుంది. గోధుమరంగు పొర పది రోజుల్లో పోయింది. వెంట్రుకల్లా పెరిగే పచ్చ నాచును మాత్రం ముట్టలేదు. దానికోసం చేపల మేత తగ్గించి, నీళ్లు తరచుగా మారుస్తున్నాను.

అసలు టెన్షన్ ఏంటంటే, ఇవి అలల అంచున బతికే నత్తలు, నీళ్లు దాటి పైకి పాకేస్తాయి. ఒకటి సోఫా కింద ఎండిపోయి దొరికింది. చాలా బాధేసింది. ఆ రోజే వల మూత బిగించాను. ఆరు మిగిలాయి. గాజు శుభ్రమైపోయింది కాబట్టి ఇప్పుడు ఎండు సముద్రపు నాచు ముక్కలు పెడుతున్నాను. కొత్తవి ఇక తేను.