ల్యాబులో ‘777 కొట్టు’ అనే సలహాను మొదటి రోజే మాన్పించాలా?

హనుమకొండ, ల్యాబ్ బోధకురాలు:
మా ల్యాబులో ఒక్కో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) కంప్యూటర్‌ను రోజుకు మూడు బ్యాచ్‌లు వాడుకుంటాయి. కొత్తగా రాసిన షెల్ స్క్రిప్టు (కమాండ్లు వరుసగా రాసిన ఫైలు) నడపగానే ‘పర్మిషన్ డినైడ్’ అని వస్తుంది. పక్కవారు ‘సీహెచ్‌మోడ్ 777 కొట్టు’ అంటారు. ఫైలు అనుమతులు మార్చే కమాండ్ అది, 777 అంటే అందరికీ అన్ని అనుమతులూ. స్క్రిప్టు నడుస్తుంది, కారణం మాత్రం ఎవరికీ తెలియదు. దీన్ని మొదటి రోజే మాన్పించాలని నా పట్టుదల. మీరేమంటారు?

కాజీపేట, అధ్యాపకుడు:
మేడమ్, నలభై మందికి అనుమతుల పాఠం చెబుతూ కూర్చుంటే లూపుల దాకా చేరలేం. ‘బాష్’ (స్క్రిప్టులను నడిపే ప్రోగ్రామ్) అని రాసి పక్కన ఫైలు పేరు ఇమ్మనండి. అప్పుడు ఫైలును చదివే అనుమతి ఉంటే చాలు. ఇక సొంత ల్యాప్‌టాప్‌లో 777 కొడితే ఎవరికి నష్టం?

వరంగల్, సర్వర్ల నిర్వాహకుడు:
సర్, అలవాటు ల్యాప్‌టాప్ దగ్గర ఆగదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను సిస్టమ్ సెట్టింగులుండే ఈటీసీ డైరెక్టరీ మొత్తానికి 777 ఇచ్చాను. నిర్వాహక హక్కులతో కమాండ్లు నడిపించేది సుడో, దాన్ని ఎవరు వాడవచ్చో చెప్పేది అందులోని సుడోయర్స్ ఫైలు. ఆ ఫైలులో ఎవరైనా రాయవచ్చని తేలగానే సుడో పనిచేయడం మానేసింది. రికవరీ మోడ్‌లోకి వెళ్లి సరిచేసేసరికి తెల్లవారింది.

మూడు అంకెలు వరుసగా యజమానికి, గుంపుకు, మిగతావారికి. ఒక్కో అంకె ఈ అనుమతుల మొత్తం: 4 చదవడానికి, 2 రాయడానికి, 1 నడపడానికి. మామూలుగా కొత్త ఫైలు 644తోనో 664తోనో పుడుతుంది. యజమానికి కావలసింది ఆ ఒక్క 1 మాత్రమే, సీహెచ్‌మోడ్‌లో 777 బదులు ‘యూ ప్లస్ ఎక్స్’ అంటే అది వచ్చేస్తుంది. 777 ఇస్తే, ఆ ఫోల్డర్ దాకా రాగలిగిన మధ్యాహ్నం బ్యాచ్‌వారెవరైనా ఉదయం బ్యాచ్ స్క్రిప్టులో ఒక వరుస చేర్చవచ్చు. మర్నాడు అది యజమాని హక్కులతోనే నడుస్తుంది. మేడారం జాతరకు వెళ్లేవారు పక్కింట్లో తాళంచెవి ఇచ్చి వెళతారు, తలుపులు బార్లా తీసి వెళ్లరు కదా!

సుడో కూడా దీనికి మందు కాదు. ఎవరికీ నడిపే అనుమతి లేని ఫైలును రూట్ (అన్ని హక్కులూ ఉన్న నిర్వాహక ఖాతా) కూడా నేరుగా నడపలేదు. పైగా ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వచ్చి విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. బాష్‌తో నడపడం మంచిదే. అయితే అప్పుడు స్క్రిప్టు మొదటి వరుసలో ఏ ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్టును చదివి నడిపే ప్రోగ్రామ్) పేరు రాసినా లెక్కలోకి రాదు. పైథాన్ ఫైలును అలా నడిపితే వచ్చే లోపాలు చూసి పిల్లలు బెదిరిపోతారు.

కాజీపేట, అధ్యాపకుడు:
ల్యాబు కంప్యూటర్లపై 777 వద్దన్న మాట ఒప్పుకుంటున్నాను. అయినా మొదటి వారం బాష్‌తోనే నడిపిస్తాను. ఫైళ్ల అనుమతులు చూపే ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ రెండో వారంలో చూపిస్తాను.

హనుమకొండ, ల్యాబ్ బోధకురాలు:
నిన్న ఒక అమ్మాయి పెన్‌డ్రైవ్‌లోని స్క్రిప్టుకు 777 ఇచ్చింది. కమాండ్ ఏ తప్పూ చూపలేదు, మళ్లీ అదే ‘డినైడ్’. ‘ఎల్‌ఎస్ మైనస్ ఎల్’ చేస్తే నడిపే అనుమతికి గుర్తైన ఎక్స్ లేనే లేదు. అది ఫ్యాట్ ఫార్మాట్ పెన్‌డ్రైవ్. అందులో లినక్స్ అనుమతులను రాసుకునే చోటే ఉండదు, మౌంట్ చేసినప్పుడే (సిస్టమ్‌కు జోడించినప్పుడే) అవి ఖరారవుతాయి. ఫైలును హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి ‘యూ ప్లస్ ఎక్స్’ ఇవ్వగానే నడిచింది. ‘మరి 777 ఎందుకు పనిచేయలేదు మేడమ్?’ అని ఆ అమ్మాయి అడిగింది. సోమవారం పాఠం ఆ ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను.