ట్రైల్ (రాళ్లూ వేళ్లూ ఉండే మట్టి బాట) మీద సైకిల్ తొక్కడానికి టైర్లలో గాలి ఎంత ఉండాలి?

నా మౌంటెన్ బైక్‌కి 29 అంగుళాల చక్రాలు, 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లు. బ్యాగు, నీళ్లతో కలిపి నా బరువు 80 కిలోలు. మొదట్లో రెండు టైర్లలోనూ 35 పీఎస్ఐ కొట్టించేవాణ్ణి. రాళ్ల మీద బండి ఎగిరెగిరి పడేది, చేతులు లాగేసేవి. తడిసిన చెట్ల వేళ్ల మీద ముందు చక్రం జారి ఒకసారి పడ్డాను కూడా.

ఇప్పుడు ముందు 22, వెనక 25కి తగ్గించాను. పట్టు ఎంత బాగుందో! కానీ వేగంగా దిగేటప్పుడు వెనక రిమ్ము రాయికి 'టంగ్'మని తగులుతోంది. రిమ్ము వంగుతుందేమోనని టెన్షన్. మలుపుల్లో మాత్రం టైరు పక్కకి ఒరిగినట్టు అనిపించడం లేదు, అందుకే ముందుది కదపాలని లేదు.

వెనక ఒక్కటే రెండు పీఎస్ఐ పెంచితే సరిపోతుందా, లేక లోపల ఫోమ్ ఇన్సర్ట్ (రిమ్ముకి దెబ్బ తగలకుండా టైరు లోపల వేసే మెత్తటి ఫోమ్ పట్టీ) వేయించుకోవడం మేలా? ఇంకో అనుమానం: నా పంపు గేజి 160 పీఎస్ఐ దాకా చూపించే రకం. ఇంత తక్కువ గాలి దగ్గర దాన్ని నమ్మొచ్చా, విడిగా డిజిటల్ గేజి కొనాలా? దాదాపు నా బరువే ఉన్నవాళ్లు మీరెంత పెడుతున్నారో, ఎలాంటి నేల మీద తొక్కుతున్నారో చెప్పండి, ప్లీజ్.