మ్యాక్‌లో మా సొంత ఫైలు రకం ఫోల్డరుగానే కనిపిస్తోంది: ఆ రకాన్ని వివరించే ప్రకటన (డిక్లరేషన్) ఎక్కడ రాయాలి?

ప్రశ్న

నమస్కారం. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖలు అచ్చువేసే దుకాణాల కోసం మ్యాక్ అప్లికేషన్ ఒకటి రాస్తున్నాను. తెలుగు, ఉర్దూ పాఠాలు, బొమ్మలు కలిపి ఒక్కో శుభలేఖను మా సొంత ఎక్స్‌టెన్షన్ ఉన్న ఫోల్డరులో దాస్తున్నాను. మ్యాక్ అప్లికేషన్లు రాసే సాధనం ఎక్స్‌కోడ్‌లోని డాక్యుమెంట్ టైప్స్ విభాగంలో మా ఐడెంటిఫైయర్‌ను (ఫైలు రకానికి ఇచ్చే ప్రత్యేకమైన పేరును) చేర్చినా, రెండుసార్లు నొక్కగానే ఫైండర్ (మ్యాక్‌లో ఫైళ్లు చూపించే ప్రోగ్రాము) ఆ ఫోల్డరు లోపలి ఫైళ్లన్నీ చూపిస్తోంది. పనివాళ్లు పొరపాటున ఒక బొమ్మ తీసేస్తే కార్డంతా పాడవుతుంది. ఏం చేయాలి?

జవాబు 1

డాక్యుమెంట్ టైప్స్‌లో రాసేది ‘ఈ రకాన్ని నా అప్లికేషన్ తెరవగలదు’ అన్నంత వరకే. అసలు ఆ రకం ఏమిటో ఎక్స్‌పోర్టెడ్ టైప్ ఐడెంటిఫైయర్స్‌లో చెప్పాలి. అక్కడ మీ డొమైన్ పేరును తిరగేసి రాసిన ఐడెంటిఫైయర్‌నూ, ఎక్స్‌టెన్షన్‌నూ ఇచ్చి, కన్ఫామ్స్ టు (ఇది ఏ మూల రకం కిందికి వస్తుందో చెప్పే చోటు) దగ్గర ‘కామ్.యాపిల్.ప్యాకేజ్’ అని రాయండి. ఫోల్డరును ఒకే పత్రంగా చూడమని ఫైండర్‌కు చెప్పేది ఆ మాటే. రెండుచోట్లా ఐడెంటిఫైయర్ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. డాక్యుమెంట్ టైప్స్‌లో హ్యాండ్లర్ ర్యాంక్‌ను ఓనర్‌గా (ఈ రకం మీ అప్లికేషన్ సొంతమని) ఉంచండి. ఇంపోర్టెడ్ విభాగం ఇతరులు రూపొందించిన రకాలకు ఉద్దేశించినది, మీ సొంత రకాన్ని అందులో పెట్టకండి.

జవాబు 2

ఇంత చేసినా మార్పు కనిపించకపోతే, అప్లికేషన్ పాత బిల్డులు (ముందు తయారుచేసిన కాపీలు) డిస్కులో ఇంకెక్కడైనా ఉన్నాయేమో వెతకండి. లాంచ్ సర్వీసెస్ (ఏ ఫైలును ఏ అప్లికేషన్‌తో తెరవాలో చూసే మ్యాక్ వ్యవస్థ) వాటి ప్రకటనలనూ నమోదు చేసుకుంటుంది కనుక, కొత్త ప్రకటన సరిగ్గానే ఉన్నా పాతదే పనిచేస్తూ ఉండవచ్చు. టెర్మినల్‌లో ‘ఎండీఎల్ఎస్’ (mdls) ఆదేశం ఇస్తే ఆ పత్రాన్ని సిస్టమ్ ఏ రకంగా గుర్తిస్తోందో తెలుస్తుంది.

జవాబు 3

పై రెండూ సరైనవే గానీ, ప్యాకేజ్ (ఒకే పత్రంగా కనిపించే ఫోల్డరు) మీ పనికి తగినదా అన్నది నా సందేహం. పెన్‌డ్రైవ్‌లో విండోస్ కంప్యూటర్‌కు చేరగానే అది మళ్లీ మామూలు ఫోల్డరే. వర్డ్ డాక్స్ (.docx) ఫైలులా అన్నింటినీ జిప్‌గా ఒకే ఫైలులో కట్టి, ‘పబ్లిక్.డేటా’, ‘పబ్లిక్.కంటెంట్’ అనే యాపిల్ మూల రకాలకు కన్ఫామ్ చేస్తే ఆ చిక్కు ఉండదు. పెద్ద బొమ్మలుంటే సేవ్ చేసిన ప్రతిసారీ ఫైలంతా తిరిగి రాయాల్సి వస్తుందన్నది నిజమే. ప్యాకేజ్‌లోనైతే మారిన భాగాన్ని మాత్రమే రాయవచ్చు. అయినా శుభలేఖ విషయంలో నేను జిప్‌నే ఎంచుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఎక్స్‌పోర్టెడ్‌లో ప్రకటించి, డౌన్‌లోడ్స్‌లో మిగిలిన పాత బిల్డును తీసేశాక ఒకే పత్రంగా కనిపించింది. అయితే మా కార్డులు అచ్చుకు వెళ్లేది పెన్‌డ్రైవ్‌లోనే కనుక జిప్‌కు మారుతున్నాను. ఇప్పటికే తయారైన కార్డులు ఫోల్డర్లుగా ఉన్నాయి. అవీ తెరుచుకోవాలి కాబట్టి పాత ప్రకటనను అలాగే ఉంచి, కొత్త రకానికి వేరే ఐడెంటిఫైయర్, వేరే ఎక్స్‌టెన్షన్ ఇస్తాను.