అప్‌డేట్: అక్షరాలు వచ్చినా పదాలు చదవలేని రెండో తరగతి పిల్లలు

మా రెండో తరగతి పిల్లలు అక్షరమాల గడగడా అప్పజెప్తారు, పదం చూపిస్తే బిక్కమొహం వేస్తారు, ఏం చేయాలి అని రెండు నెలల కిందట అడిగాను కదా. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, అక్షరాలు వరస తప్పించి చూపించమన్నారు. చూపించాను. సగం మందికి వచ్చింది వరసే, అక్షరాలు కాదు! (ఇన్నాళ్లూ నేనే మోసపోయాను.)

దాంతో వరస పక్కన పెట్టేసి క, ల, ప, త, వ... ఈ ఐదుతోనే మొదలుపెట్టాం. కల, తల, వల, పలక, కలప. వారం తిరక్కుండానే కూడబలుక్కుని చదివేశారు. తర్వాత దీర్ఘం, గుడి చేర్చి తాత, కాకి, పిలక. రోజూ పావుగంట, నలుగురైదుగురు చొప్పున.

ఒత్తుల దగ్గర ఇంకా తడబాటే. ఒకడికి బోర్డు సరిగా కనపడట్లేదని కూడా ఇప్పుడే బయటపడింది. కంటి పరీక్ష చేయించమని వాళ్ల అమ్మకు చెప్పాను.