డిజైన్ థింకింగ్ పేరెత్తితేనే మా టీమ్ మొహం తిప్పుకుంటోంది, మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

ఓరుగల్లు పిల్ల (హన్మకొండ):

నమస్తే అందరికీ. హన్మకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్టులు చూసుకుంటాను. మొత్తం పదకొండు మందిమి. మిర్చి రైతుల సంఘాల కోసం ఒక యాప్ చేశాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి సరుకు తెచ్చిన రోజు ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర పలికింది, డబ్బు ఎంత వచ్చింది, ఎంత రావాలి, అన్నీ రైతే అందులో రాసుకోవచ్చు. ఎనిమిది నెలల కష్టం. సంఘం మీటింగ్‌కి వెళ్లి అందరి ఫోన్లలో ఎక్కించి వచ్చాం. నెల తర్వాత చూస్తే తెరిచేవాళ్లు పది మంది కూడా లేరు.

పోయిన ఏడాది బయటి నుంచి ట్రైనర్‌ని పిలిపించి డిజైన్ థింకింగ్ మీద రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టారు. అంటే వాడే మనిషి కష్టం ముందు తెలుసుకుని, దానికి తగ్గ పరిష్కారం చేసి చూసే పద్ధతి. ఎంపతీ (మనిషిని అర్థం చేసుకోవడం), డిఫైన్ (సమస్య తేల్చడం), ఐడియేట్ (ఆలోచనలు తీయడం), ప్రోటోటైప్ (నమూనా చేయడం), టెస్ట్ (చూపించి పరీక్షించడం) అని ఐదు గుండ్రాలు గీసి చూపించారు. గోడ నిండా రంగు చీటీలు అంటించాం. మూడో రోజుకి సగం చీటీలు ఫ్యాన్ గాలికి రాలిపోయాయి, ఊడ్చేశారు. అందులో ఒక్క ఆలోచన కూడా పనిలోకి రాలేదు. ఇప్పుడు ఆ పేరెత్తితే "మళ్లీ చీటీలా మేడమ్?" అంటున్నారు.

నాకు మాత్రం ఈ పద్ధతి మీద నమ్మకం పోలేదు. మూడు వారాల టైమ్ అడిగి తీసుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ టూల్స్ ముందు నేర్పాలి? ఇంకో టెన్షన్ ఏంటంటే, మా సార్ గదిలో ఉంటే చిన్నవాళ్లు నోరు విప్పరు.

మడికొండ కోడర్:

మేడమ్, ముందు ఒకటి తేల్చుకోండి. కారణం తెలిసిన సమస్యకి ఇదంతా అక్కర్లేదు. మాకు ఓటీపీ ఆలస్యంగా వస్తోందని ఫిర్యాదులు వచ్చాయి, సర్వర్ సరిచేశాం, అయిపోయింది. మీ సంగతి వేరు. రైతులు ఎందుకు తెరవడం లేదో మీలో ఎవరికీ తెలియదు. అలాంటి చోట ఇది పనికొస్తుంది. ఇంకో మాట, డిజైనర్లనే కూర్చోబెట్టకండి. రైతుల ఫోన్లు ఎత్తే మనిషి మీ ఆఫీసులో ఒకరు ఉంటారు కదా, వారిని తప్పకుండా పిలవండి.

కొత్తవాడ మగ్గం:

అక్కా, నేను కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాను. ఇప్పుడు కంపెనీల్లో టీమ్‌లకు ఈ పద్ధతి నేర్పడమే నా పని. మొదట్లో నేనూ ఆ ఐదు గుండ్రాలతోనే మొదలుపెట్టేవాణ్ని. ఇప్పుడు మొదటి రోజు ఆ పేరే ఎత్తను. మనిషితో మొదలుపెడతాను.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఈ పద్ధతి నేర్పే డి.స్కూల్ వాళ్లు కొత్తవాళ్ల కోసం తయారుచేసిన ఒక అభ్యాసం ఉంది: ఇద్దరిద్దరు కూర్చుని ఒకరి పర్సు గురించి ఇంకొకరు అడిగి, వాళ్లకు సరిపోయేది తయారు చేయాలి. మన దగ్గర నేను పర్సు బదులు టిఫిన్ డబ్బా పెడతాను. రోజూ అందరూ తెచ్చుకునేదే కదా. గంటన్నరలో అయిపోతుంది. కావలసింది అట్టముక్కలు, టేపు, కత్తెర.

ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసే ఒకావిడ "పప్పుచారు కారిపోతుంది" అన్నారు. ఎదురుగా ఉన్న అబ్బాయి వెంటనే మూత గీయడం మొదలుపెట్టాడు. ఆగమన్నాను. నిన్న మధ్యాహ్నం ఏం జరిగిందో మొదటి నుంచి అడగమన్నాను. ఆవిడ నిన్న తిన్నది మూడున్నరకి, ఒక్కరే, చల్లారిన అన్నం. కౌంటర్ వదిలితే చూసేవాళ్లు లేరు. ఆ అబ్బాయి మూత పక్కన పెట్టి, కౌంటర్ దగ్గర ఒంటిగంట నుంచి అరగంట ఎవరు కూర్చోవాలో వంతుల కాగితం రాశాడు. గదిలో అందరికీ విషయం అర్థమైంది. మనం విన్న మొదటి మాట వెంట పరుగెత్తకూడదని నేను ఎన్ని స్లైడ్లు వేసినా అంత బాగా చెప్పలేను.

రెండో రోజు మార్కెట్‌కి వెళ్లండి. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. యాప్ చూపించవద్దు. "యాప్‌లో ఇది ఉంటే వాడతారా?" అని అసలు అడగవద్దు. మన మంచి కోరి అందరూ "వాడతాం బిడ్డా" అంటారు. "పోయినసారి మిర్చి తెచ్చిన రోజు ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి ఏం జరిగింది?" అని అడగండి. జెండా పాట (ధర తేల్చే వేలం) దగ్గర నిలబడండి, కాంటా (తూకం) దగ్గర నిలబడండి, తూకం వేసే దడవాయి ఏం రాస్తున్నాడో, ఆ చీటీ ఎవరి చేతికి పోతుందో చూడండి.

వచ్చాక ఎంపతీ మ్యాప్. ఒక పెద్ద కాగితాన్ని నాలుగు గళ్లు చేసి, అన్నది, చేసింది, అనుకున్నది, అనిపించింది అని రాసుకోవాలి. మొదటి రెండూ మీరు విన్నవి, చూసినవి. తర్వాతి రెండూ మీ ఊహ. అందుకే వాటిని పెన్సిల్‌తోనే రాయిస్తాను. తర్వాత సమస్యను "ఎలా చేయగలం?" అనే ప్రశ్నగా మార్చండి. "రైతుకు మేలు ఎలా చేయగలం?" అంటే మరీ పెద్దది, ఎటూ పట్టు దొరకదు. "ఫొటో బటన్ ఎక్కడ పెట్టగలం?" అంటే జవాబు ముందే అందులో ఉంది. ఈ రెంటికీ మధ్య ప్రశ్న దొరికే దాకా కూర్చోండి. ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి, తొందరపడే టీమ్‌లు దెబ్బతినేది ఇక్కడే.

మీ సార్ సంగతి: ఆలోచనలు నోటితో అడగవద్దు. ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్లు వస్తాయి. ఎనిమిది నిమిషాలు, ఎనిమిది బొమ్మలు, ఎవరూ మాట్లాడకూడదు, పేర్లు రాయకూడదు. గోడకు అంటించి, ఒక్కొక్కరికి మూడు బొట్టుబిళ్లలు ఇవ్వండి, నచ్చినవాటి మీద పెడతారు. సార్ తన బిళ్లలు అందరికంటే చివర పెట్టాలి. ఇది ముందే ఆయనతో విడిగా మాట్లాడి ఒప్పించండి, అందరి ముందు చెబితే చిన్నబుచ్చుకుంటారు.

ఎవరైనా "ఇవన్నీ అమెరికా పద్ధతులు" అంటే ఆలేరు చింతకింది మల్లేశం గారి గురించి చెప్పండి. అమ్మ ఆసు పోస్తూ (చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పని) రోజంతా చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూసి ఆసు యంత్రం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి చేసి, విఫలమై, మళ్లీ చేసి, 1999లో పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు, లక్ష్మి అని. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు ఎవరూ ఐదు గుండ్రాలు గీసి చూపించలేదు. నేత ఇంట్లో పుట్టినవాణ్ని కాబట్టి ఈ మాట చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

జమ్మికుంట సార్:

అమ్మా, చిన్న సలహా. మిర్చి రైతు రాత్రంతా బస్తాల దగ్గరే పడుకుని ఉంటాడు. పాట అయ్యేదాకా మనసు ధర మీదే ఉంటుంది, అప్పుడు అడగవద్దు. కాంటా అయ్యాక, చాయ్ దగ్గర కూర్చున్నప్పుడు అడగండి. ముందు ఊరు, పంట అడిగి తర్వాత విషయంలోకి వెళ్లండి. అప్పుల మాట మీరుగా ఎత్తవద్దు. కౌలు రైతులతో తప్పకుండా మాట్లాడండి, మీ యాప్‌లో పట్టా నంబర్ అడిగితే వాళ్లు అక్కడే ఆగిపోతారు.

ఓరుగల్లు పిల్ల:

పది రోజుల తర్వాత రాస్తున్నాను. ముందుగా అందరికీ థాంక్స్.

టిఫిన్ డబ్బా అభ్యాసం చేశాం. "మళ్లీ చీటీలా" అన్న అబ్బాయే అట్టతో అన్నిటికంటే బాగా చేశాడు. తర్వాత ఎనిమిది మందిమి రెండు రోజులు ఎనుమాములకి వెళ్లాం. జమ్మికుంట సార్ చెప్పినట్టు చాయ్ దగ్గరే కూర్చున్నాం. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన్ని ఫోన్ గురించి అడిగితే, "ఫోన్ల ఏం జూడాలె బిడ్డా, చార్జింగే లేదాయె" అన్నారు. రాత్రి నుంచి మార్కెట్‌లోనే ఉన్నారు మరి. దడవాయి రాసిచ్చిన చీటీ, తర్వాత అడ్తి (కమీషన్ ఏజెంట్) ఇచ్చిన తక్‌పట్టీ (అమ్మకం లెక్క కాగితం), రెండూ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "ఇంటికి పోయినంక పిల్లగాడు లెక్క జూస్తడు" అన్నారు. మేం మాట్లాడిన పద్నాలుగు మందిలో తొమ్మిది మంది ఇదే మాట చెప్పారు. కొడుకో, కోడలో, ఇంటర్ చదివే మనవరాలో, లెక్క చూసేది ఇంట్లో వేరే మనిషి.

ఎనిమిది నెలలు మేం మార్కెట్‌లో నిలబడ్డ రైతు కోసం స్క్రీన్లు గీశాం. ఆ సమయానికి ఆయన చేతిలో ఫోన్ బతికి లేదు. పట్టా నంబర్ సంగతి కూడా నిజమే, ముగ్గురు కౌలు రైతులు మొదటి పేజీలోనే ఆగిపోయారట.

మా ప్రశ్న ఇలా వచ్చింది: "జేబులో మడిచి తెచ్చిన తక్‌పట్టీని ఇంటి దగ్గర లెక్క చూసే మనిషికి సులువుగా ఎలా చేయగలం?" సార్ చివరనే బొట్టుబిళ్లలు పెట్టారు, ఆయన పెట్టింది కొత్తగా చేరిన అమ్మాయి బొమ్మ మీద. ఇప్పుడు ఇబ్బంది ఏంటంటే, అందరికీ హుషారు వచ్చి రేపటి నుంచే కోడ్ రాస్తామంటున్నారు. ఆపాలా?

కొత్తవాడ మగ్గం:

ఆపండి అక్కా, ఒక్క వారం. స్క్రీన్లు కాగితం మీద గీయించండి. ఒకరు ఫోన్‌లా నటించాలి: చూసే మనిషి కాగితం మీద వేలు పెడితే, తర్వాతి కాగితం తీసి ముందు పెట్టాలి, నోరు మెదపకూడదు. ఒక విడతకు ఐదుగురు చాలు, వాడకం సులువుగా ఉందో లేదో పరీక్షించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లోనే ఈ మాట రాశాడు. ఐదుగురితో చూసి, మార్చి, ఇంకో ఐదుగురితో చూడండి. మార్కెట్‌లో కాదు, వాళ్ల ఇంటి దగ్గర, సాయంత్రం. నిజమైన తక్‌పట్టీ వాళ్ల చేతిలో ఉండాలి. ఎక్కడ ఆగి ఆలోచిస్తారో అక్కడ గుర్తు పెట్టుకోండి, సాయం చేయవద్దు.

కాగితం చింపి మళ్లీ గీయడానికి ఐదు నిమిషాలు, కోడ్ అయితే ఐదు రోజులు. మీవాళ్లకు ఈ లెక్క చెప్పండి, ఆగుతారు.

ఓరుగల్లు పిల్ల:

సరే అన్నా. ఆ పెద్దాయన ఊరికే శనివారం సాయంత్రం వెళ్తున్నాం. మనవరాలు ట్యూషన్ నుంచి ఆరింటికి వస్తుందట, ఆరున్నరకి రమ్మన్నారు. కాగితాలు, పెన్సిళ్లు సర్దుకున్నాం. ఫోన్‌లా నటించేది కొత్తగా చేరిన ఆ అమ్మాయే.